ఆటల గంటలో చెప్పుల కావలి

పతకము వచ్చిన పిమ్మట దండలు వేయుటకు మనవారికి చేతులు చాలవు. 2024 సెప్టెంబరులో ప్యారిస్ పారాలింపిక్ క్రీడలందు, బుద్ధివికాసమున లోపము గలవారి టి-20 తరగతిలో, 400 మీటర్ల పరుగును 55.82 సెకండ్లలో ముగించి కాంస్యము గొన్న జీవాంజి దీప్తి మన వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ. అదే యేడు మే నెలలో జపానుదేశపు కోబేలో 55.07 సెకండ్లలో పరుగెత్తి నాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. దండలు వేయుడు, కాదనను. కాని బాల్యమున ఈమెను చుట్టుప్రక్కలవారు పిచ్చిదని గేలిచేసిరి. అనాథాశ్రమమునకు పంపివేయుడని తల్లిదండ్రులకు హితవు చెప్పిరి. ఈ మాటను ఆ తల్లియే లోకమునకు వెల్లడించినది. బడిలో వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును కనిపెట్టకున్నచో, శిక్షకులు నాగపురి రమేశుగారు చేరదీయకున్నచో, ఆ కాళ్ళ వేగమెంతయో ఎవ్వరికిని తెలిసియుండదు. ఒక బిడ్డ భాగ్యము ఇద్దరి కంటిచూపుపై వ్రేలాడుట న్యాయమనిపించుకొనునా?

మా నర్సంపేట ప్రాంతపు ఒక బడిలో ఆటల గంట చూచితిని. మందబుద్ధియని పేరుపడిన పిల్లను చెట్టుక్రింద కూర్చుండబెట్టి, తక్కినవారి చెప్పులకును సంచులకును కావలి పెట్టిరి. అదేమని యడిగితిని. దానికి ఆట నియమములు తెలియవు, పడి దెబ్బ తగిలినచో మమ్మనెదరని సమాధానము! ఆరేండ్లుగా బడికి వచ్చుచున్న పిల్లకు నియమములు తెలియకుండుట యెవరి లోపము? ఖోఖోలో కూర్చుండుటయు లేచుటయు నేర్పుటకెంత పాండిత్యము కావలెను? ఆ పిల్ల మాత్రము ఏ జత యెవరిదో తప్పక చెప్పుచుండెను. ప్రభుత్వ సహాయము గాని గుర్తింపు గాని పొందిన ప్రతి విద్యాలయమును ఇట్టి పిల్లలకు ఆటలందును ఇతరులతో సమానముగా అవకాశము కల్పింపవలెనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము పదునారవ సెక్షను విధించుచున్నది. ఆ చట్టమును ఏ బడిలో తెరచి చదివిరో!

ప్రత్యేక తరగతి పెట్టి యిచ్చిన గెలుపు గెలుపాయని కొందరు పెదవి విరుతురు. కుస్తీలో బరువునుబట్టి జోడీలు కట్టరా? తేలిక మల్లుని గెలుపును భిక్షమని యెవరైన నందురా? ఇంక మోసము మాట. 2000 సంవత్సరమున సిడ్నీలో గెలిచిన స్పెయిను బాస్కెట్‌బాల్ జట్టు పన్నెండుగురిలో పదుగురు ఏ లోపమును లేనివారని బయటపడెను. దొంగలు తేలిరి, శిక్ష మాత్రము ఆ తరగతి క్రీడాకారులందరికిని పడెను. 2004 ఏథెన్సులోను, 2008 బీజింగులోను వారికి తలుపులు మూసిరి. 2012 లండనులో, అదియు మూడే ఆటలలో, మరల తెరచిరి. పరుగుకత్తె యౌవనమెన్ని యేండ్లు? పోయిన పండ్రెండేండ్లను ఎవరు తిరిగి యిత్తురు?

భారతమున అస్త్రవిద్యా ప్రదర్శననాడు కర్ణుని కులమేమని యడిగి యడ్డుపడినవాడు కృపాచార్యుడు, మన వృత్తివాడే. పాఠము చెప్పునపుడు ఆ సంగతిని మనమెందుకో తేలికగా దాటిపోవుదుము.

ఉపాధ్యాయ సోదరులారా! జూనులో బడి తెరచిననాడు ఆటల గంటకు వేరుగా హాజరుపట్టీ పెట్టుడు. ఎవరాడిరి, ఎవరు కూర్చుండిరి, ఎందుకు కూర్చుండిరి, ఈ మూడు గళ్ళు చాలును. చెప్పులకు కావలి తప్పదన్నచో, ప్రధానోపాధ్యాయునితో సహా మనమే వంతులు వేసికొందము.