ఆ ఫున్సియాలు అజాబ్ కాదు, వేడీ కాదు

మన ఇళ్లల్లో పద్దెనిమిదేళ్ల పిల్లాడి దవడ కింద, మెడ మీద ఎర్రగా ఫున్సియాలు లేచాయంటే మూడు ఫైసలాలు అప్పటికప్పుడు వచ్చేస్తాయి. దాదీ అంటుంది, "వేడి చేసింది, సబ్జా గింజలు నానబెట్టి తాగించండి." మసీదులో ముందు సఫ్‌లో కూర్చునే చాచా అంటాడు, "సున్నత్ మీద ఉస్తరా పెడితే అల్లా చూపించడా మరి?" మెడికల్ షాపు కుర్రాడు ఏమీ అనడు, ఓ ట్యూబ్ తీసి చేతిలో పెడతాడు. మూడూ గలతే. మూడోది ఒట్టి గలత్ కాదు, జుల్మ్.

ముందు అసలు సంగతి సాఫ్‌గా చెప్పుకుందాం. గడ్డం వెంట్రుక కొందరికి నిటారుగా కాకుండా వంకీ తిరిగి పెరుగుతుంది. ఉస్తరాతో నున్నగా గీసినప్పుడు ఆ వెంట్రుక కొస ఏటవాలుగా తెగి సూదిలా తయారవుతుంది. రెండు రోజుల్లో అది పెరిగి, వంగి, పక్కనే ఉన్న చర్మంలోకి తిరిగి గుచ్చుకుంటుంది. చర్మాన్ని లాగిపట్టి గీస్తే ఇంకో తమాషా. వెంట్రుక చర్మం మట్టం కంటే కిందకి తెగి లోపలే ఉండిపోతుంది, బయటికి రాకుండా లోపలి గోడనే పొడుస్తుంది. మన ఒళ్లు దాన్ని ముల్లు దిగినట్టే అనుకుంటుంది. ఎర్రబడుతుంది, వాస్తుంది, దురద పెడుతుంది, నల్ల మచ్చ మిగులుతుంది. డాక్టర్లు దీన్ని సూడో ఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. పేరు పెద్దదే, కానీ రాసిపెట్టుకోండి, కింద పనికొస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. తిండి వల్ల వచ్చింది కాదు. గోంగూర మానేసినా, మామిడిపండు మానేసినా వంకర వెంట్రుక నిటారు కాదు.

మా ఉర్దూ మీడియం బడిలో దాఢీ అంటే గడ్డం. డిగ్రీలో తెలుగు మాస్టారి దగ్గర దాడి అంటే దండెత్తడం. మన సెలూన్లలో రెండింటి మానీ ఒకటే అయిపోయింది.

జుమా పొద్దున పెనుగొండలో ఏ సెలూన్‌కైనా వెళ్లి చూడండి. పని చేసేవాళ్లను నేను తప్పు పట్టను. నాయీ బ్రాహ్మణ అన్నలైనా, మన హజ్జామ్ బిరాదరీ వాళ్లైనా (బీసీ-ఇ జాబితాలో హజామ్, నాయి, నవీద్ అని ఉన్నది వీళ్లే) చేతిలో హునర్ ఉన్నవాళ్లు. తప్పు కుర్చీలో కూర్చున్నవాడిది. "భాయ్, ఇంకోసారి వెయ్, చేతికి తగలకూడదు" అని వాడే అడుగుతాడు. మొదటిసారి పైనుంచి కిందకి, రెండోసారి కిందనుంచి పైకి ఎదురు గీకుడు. మెడ దగ్గర చర్మం రెండు వేళ్లతో లాగి మరీ. నిఖాకి ముందు రోజు దూల్హాకి అయితే మూడోసారి కూడా. వలీమా ఫోటోల్లో సెహ్రా కింద దవడంతా చిమ్చిమా మంటతో కందిపోయి ఉంటుంది, ఎవరూ గమనించరు.

కొత్త రేజర్ల సంగతి కూడా ఇంతే. రెండు బ్లేడ్ల రేజర్‌ను గిల్లెట్ కంపెనీ 1971లో తెచ్చింది, మూడు బ్లేడ్లది 1998లో. మొదటి బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనకది ఇంకా లోతుగా కోస్తుంది. నున్నదనం అక్కడినుంచే వస్తుంది. వంకీ వెంట్రుక ఉన్నవాడికి ముసీబత్ వచ్చేది కూడా అక్కడినుంచే. టీవీలో ఈ రెండోది చూపించరు.

ఇప్పుడు ముందు సఫ్ చాచా దగ్గరికి వద్దాం. చాచా, మీ అదబ్ నాకు ఉంది. దాఢీ సున్నత్ అన్నదాన్ని నేను కాదనడం లేదు, దాని మీద బహస్ ఈ ముక్కలో పెట్టుకోను. కానీ పిల్లాడి మొహం మీద ఉన్న మరజ్‌ని చూపించి అజాబ్ అనే ఇఖ్తియార్ మీకు ఎవరిచ్చారు? గడ్డం పెంచుకునే మౌలానాలు కూడా చెంప మీద ఖత్ గీయించుకుంటారు, మెడ గీయించుకుంటారు. అక్కడ వాళ్లకూ ఇవే ఫున్సియాలు వస్తాయి. అది ఏ గుణాహ్‌కి సజా?

చర్మం గురించి మన దీన్ ఏమంటుందో వెతికితే ఉల్టా దొరుకుతుంది. మగవాళ్లకు పట్టుబట్ట హరామ్ అని మనందరికీ తెలుసు. అయినా అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, జుబైర్ బిన్ అవ్వామ్ – ఇద్దరూ పెద్ద సహాబాలు – ఒంటి దురదతో తక్లీఫ్ పడుతుంటే హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం వాళ్లకు పట్టు తొడుక్కోడానికి ఇజాజత్ ఇచ్చారు. బుఖారీలో ఉంది, ముస్లింలో ఉంది. దురద కోసం ఒక హుకుమే పక్కకి జరిగింది. ఆ ఇద్దరినీ ఎవరూ "నీ ఈమాన్‌లో ఏదో లోటుంది, అందుకే దురద" అనలేదు. మరి మీరు పద్దెనిమిదేళ్ల వాడిని పట్టుకుని వుజూఖానాలో అందరి ముందూ అంటారేం? రెండుసార్లు అలా అనిపించుకున్న పిల్లాడు మూడో జుమాకి రాడు. ఆ హిసాబ్ ఎవరి ఖాతాలో పడుతుంది?

ఇక రెండో వైపు. నౌకరీలు ఇచ్చేవాళ్లు.

మా చెల్లెలి కొడుకు ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగంలో చేరాడు. ఊరు, పేరు వద్దు. రోజూ షేవ్ చేసుకుని రావాలని రూల్. మూడు నెలల్లో మెడ అంతా గరగరలాడే గడ్డలు, కొన్నింట్లో చీము. డాక్టర్ "నాలుగు వారాలు ఉస్తరా తగలకూడదు" అని చీటీ రాసిచ్చాడు. మేనేజర్ ఆ చీటీ చదవనైనా లేదు. "గడ్డం పెంచుకోవాలంటే మసీదులో పని చూసుకో" అన్నాడు. పిల్లాడు అడిగింది మజ్హబ్ గురించి కాదు, మెడ గురించి. పక్క కౌంటర్లో కూర్చునే క్రైస్తవ కుర్రాడికీ అవే గడ్డలు ఉన్నాయి. వాడికి చర్చిలో పని చూసుకోమని ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే వాడు అడగలేదు, భయపడి రోజూ గీసుకుంటూనే ఉన్నాడు.

ఇక్కడే మన జాగ్రత్త కావాలి. 2016 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు, వైమానిక దళంలో గడ్డం పెంచుకుంటామన్న ముస్లిం ఉద్యోగుల అప్పీళ్లను కొట్టేసింది. అక్కడి రెగ్యులేషన్ 425, మజ్హబ్ జుట్టు కత్తిరించడాన్నో మొహం గీసుకోవడాన్నో మనా చేసిన వాళ్లకే మినహాయింపు ఇస్తుంది. ఇస్లాం అలా మనా చేసిందని కోర్టుకి తేలలేదు. 2024లో మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ ఒక ముస్లిం కానిస్టేబుల్ కేసులో వేరేగా చెప్పింది. 1957 నాటి మద్రాస్ పోలీస్ గెజిట్ ముస్లిం పోలీసులకు చక్కగా కత్తిరించిన గడ్డం ఉంచుకునే ఇజాజత్ ఇస్తోంది అని. (మనం మద్రాసు నుంచి విడిపోయి అప్పటికి నాలుగేళ్లు. ఇంకొన్నాళ్లు ఆగుంటే ఆ కాగితం మనకూ దక్కేదేమో!) ఈ రెండు కేసులూ మజ్హబ్ కేసులు. మన పిల్లాడి మెడ కేసు అది కాదు. దాన్ని మజ్హబ్ కేసుగా మార్చేది మేనేజర్, మార్చనిచ్చేది మనం.

అమెరికాలో నల్లజాతి మగవాళ్లు ఈ తేడాను ఎప్పుడో కనిపెట్టారు. వాళ్లలో ఈ రోగం చాలా ఎక్కువ, వెంట్రుక బాగా వంకీ తిరిగి ఉంటుంది కాబట్టి. ఒమాహాలో డామినోస్ పిజ్జా ఫ్రాంచైజీ ఒకటి గడ్డం గీయలేదని డెలివరీ మనిషిని తీసేసింది. అతనికి ఉన్నది ఈ మరజే. కేసు 1993లో ఫెడరల్ అప్పీల్ కోర్టులో తేలింది: ఎవరికీ గడ్డం ఉండకూడదన్న రూల్ పైకి అందరికీ ఒకటే, దెబ్బ మాత్రం నల్లవాళ్ల మీదే పడుతోంది, కనుక చెల్లదు అని. అమెరికా ఫౌజ్‌లో డాక్టర్ చీటీ మీద షేవింగ్ మాఫీ ఏళ్ల తరబడి ఉంది. 2025లో దాన్ని బిగించారు, ఏడాదికి మించి మాఫీ కావాల్సిన వాళ్లను పంపించేసే దారి తెరిచారు. అంటే అక్కడా లడాయి అయిపోలేదు.

కాబట్టి మేనేజర్‌కి ఇచ్చే కాగితం మీద "మా మజ్హబ్" అని మొదలుపెట్టకండి. పైన రాసిపెట్టుకున్న ఆ పెద్ద పేరు డాక్టర్‌తో రాయించండి. ఎన్ని వారాలో రాయించండి. "ఒక మిల్లీమీటరు ఉంచి ట్రిమ్మర్‌తో శుభ్రంగా ఉంటాను" అని రాయండి. పక్క కౌంటర్ కుర్రాడి చేత కూడా అదే రాయించండి. ఇద్దరు ఒకే కాగితం పెడితే మసీదు మాట నోట్లోంచి రావడం కష్టం.

ఇప్పుడు ఆ ట్యూబ్. ఇంట్లో ఉంటే తెచ్చి వెనక వైపు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ – వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. మొదటి మూడు రోజులు కరామత్ చూపిస్తుంది. ఎర్రదనం మాయం, దురద మాయం. అందుకే అందరూ "మస్త్ దవా" అని పక్కింటికి కూడా ఇస్తారు. నెలల తరబడి రాస్తే మొహం మీద చర్మం పల్చబడుతుంది, సన్న రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, కొత్త మొటిమలు లేస్తాయి. ఆపేస్తే మొహం భగ్గుమంటుంది, మళ్లీ రాయాల్సి వస్తుంది. నషా లాంటిదే. మన దేశపు చర్మ డాక్టర్లు దీనికి 'స్టెరాయిడ్‌తో పాడైన మొహం' అని ఒక రోగం పేరే పెట్టుకోవాల్సి వచ్చింది. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగిన షాపు మీకు ఎప్పుడైనా తగిలిందా? నాకు తగల్లేదు. షాపు పెట్టుకున్నవాడికి కానూన్ తెలుసు, గిరాకీ కూడా తెలుసు.

మరి ఇలాజ్ ఏమిటి? బోరుగా ఉంటుంది, సబర్ కావాలి. మూడు నాలుగు వారాలు గీయకుండా ఉండటమే మొదటి దవా. లోపల ఇరుక్కున్న వెంట్రుకలు పెరిగి తమంతట తామే బయటికి వస్తాయి. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ రోజూ పది నిమిషాలు పెట్టాలి. పైకి ఉంగరంలా కనిపిస్తున్న వెంట్రుకను స్పిరిట్‌తో తుడిచిన సూది కొసతో పైకి లేపి వదిలేయాలి. పీకకూడదు, పీకితే మళ్లీ లోపలినుంచే వంకరగా వస్తుంది. అమ్మీలకు ఇది ప్రత్యేకంగా: కొడుకును ఒళ్లో పడుకోబెట్టుకుని గోళ్లతో గిల్లడం మానండి.

తర్వాత షేవింగ్ తప్పదంటే ట్రిమ్మర్ మేలు. ఉస్తరానే కావాలంటే స్నానం అయ్యాక, వెంట్రుక నానాక, ఒకటే బ్లేడు ఉన్న రేజర్‌తో, వెంట్రుక ఏ దిక్కున వాలిందో ఆ దిక్కునే గీయాలి. మెడ మీద ఆ దిక్కు చోటుకో రకంగా ఉంటుంది, వేలితో తడిమి చూసుకోవాలి. చర్మం లాగకూడదు, ఎదురు గీకకూడదు, కొంచెం గరుకు మిగిలితే మిగలనివ్వాలి. అయ్యాక చన్నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజర్. జుమా హడావిడిలో తాజాగా గీసిన చెంప మీదే అత్తర్ పులుముకుంటాం. అత్తర్ బట్టలకి రాయండి, చెంపకి కాదు. పటిక, అదే మన ఫిట్కరీ, గాటు పడితే రక్తం ఆపుతుంది, కాస్త చల్లగా ఉంటుంది, అంతవరకే. వెంట్రుక వంకర దానితో పోదు. సెలూన్‌లో పది మంది చెంపల మీద తిరిగిన ఫిట్కరీ ముక్క మాత్రం వద్దు, మీది మీరు తీసుకెళ్లండి. బ్లేడు మీ కళ్ల ముందే కొత్తది వేయమనండి. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి రక్తం అంటిన బ్లేడు మీద కూడా ప్రయాణం చేస్తాయి.

చీము, జ్వరం, గట్టిపడి పెరుగుతున్న గడ్డ, లేదా గుండ్రంగా పొట్టు రాలే మచ్చ ఉంటే ఇది వేరే రోగం కావచ్చు, తామర కావచ్చు. తణుకులోనో భీమవరంలోనో చర్మం డాక్టర్‌కి చూపించండి. ఫీజు బరువైతే కాకినాడ జీజీహెచ్‌లో చర్మ విభాగం ఉంది. రాత్రిపూట రాసే అడాపలీన్ జెల్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటివి పని చేస్తాయి, కానీ ఎంత రాయాలో డాక్టర్ చెప్పాలి. రెండోది తలగడ గలీబు రంగు కూడా తినేస్తుంది.

ఇంట్లో ఆడపిల్లలకి చుబుకం కింద వెంట్రుకలు వచ్చి, చాటుగా గీసుకుని ఇవే ఫున్సియాలు తెచ్చుకుంటున్నారు. "రిష్తా చెడిపోతుంది" అని దాచకండి. హార్మోన్ల తేడా ఉండవచ్చు, దానికి ఇలాజ్ ఉంది.

చివరగా లేజర్. ఫోన్లో యాడ్లు చూసి పిల్లలు అడుగుతున్నారు. మన చామనచాయకు సరిపడే లేజర్ రకం ఉంది, మంచి చేతిలో బాగానే పని చేస్తుంది. అయితే అది వెంట్రుక వేళ్లనే కాలుస్తుంది, ఆ చోట గడ్డం తిరిగి ఒత్తుగా రాదు. ఇరవై ఏళ్లకు మేనేజర్ మాట కోసం చెంపలు కాల్పించుకున్నవాడు ముప్పై ఐదేళ్లకు హజ్ నుంచి వచ్చి దాఢీ ఉంచుకోవాలనుకుంటే ఏం మిగులుతుంది? మెడ వరకు చేయించుకుంటే సరే. దవడ పైకి మాత్రం, అబ్బాతో కూర్చుని ఒకసారి మాట్లాడాకే వెళ్లమనండి. అప్పటిదాకా ట్రిమ్మర్ చాలు.