చిమ్నీని కాపాడారు, చరిత్రను కూల్చారు

బొంబాయి లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు చిమ్నీ ఇంకా నిలబడే ఉంది. దాని కింద ఇప్పుడు బట్ట నేయరు, అమ్ముతారు. మిల్లు పోయి మాల్ వచ్చింది. పాత మిల్లు కట్టడాలను కూల్చకుండా కొత్త పనికి వాడుకోవడం గొప్ప సంగతని పట్నం మేధావులు మెచ్చుకుంటున్నారు. కూల్చకపోతే మంచిదే. ఆ ఇటుకలు మోసింది కూలోళ్లే గదా! కాని ఎవరి లాభానికి నిలబెట్టారు, ఏ కథ చెప్పి నిలబెట్టారు? మన పేచీ అక్కడే.

మొదట లాభం సంగతి చూద్దాం. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మె నలిగిపోయింది, మిల్లులు ఒకటొకటే మూతపడ్డాయి. మిగిలింది భూమి. 1991లో మహారాష్ట్ర ప్రభుత్వం ఒక రూలు తెచ్చింది. మిల్లు భూమిలో ఒక వంతు నగరానికి ఖాళీ జాగాగా, ఒక వంతు సామాన్యుల ఇళ్లకు, మూడో వంతే యజమానికి. అయితే కూల్చి కడితేనే ఈ వాటాలు! ఉన్న షెడ్డునే వేరే పనికి వాడుకుంటే వాటా ఇవ్వక్కర్లేదు. ఇంకేం, కొందరు యజమానులకు పాత గోడల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. 2001లో ఆ రూలునూ మార్చి, కట్టడాలు లేని ఖాళీ జాగాలోనే వాటా అన్నారు. 2006లో సుప్రీంకోర్టు సరేనంది. చిమ్నీకి దక్కిన రక్షణ కార్మికుడి ఇంటికి దక్కలేదు.

ఇక కథ సంగతి. ఈ షెడ్లలో కులం కూడా డ్యూటీ చేసింది. నాడెలో కండె మార్చినప్పుడల్లా నేతగాడు దారం కొసను నాడె కంట్లోంచి నోటితో పీల్చి లాగాలి. అంటరానోడి ఎంగిలి తగిలిన దారాన్ని మేము నోట పెట్టమని సవర్ణ కార్మికులు మొండికేశారు. ఎక్కువ కూలి దొరికే నేత ఖాతా తలుపు దళితులకు మూసేశారు. తక్కువ కూలి ఉన్న వడికే ఖాతాలోకి తోశారు. నేత రాక కాదు. మన పల్లెల్లో మాలలు ముతకబట్ట నేసినోళ్లే. 1928 సమ్మెలో బాబాసాహెబ్ ఈ సంగతే ఎత్తి కార్మిక నాయకులను నిలదీశారు. యజమాని దోపిడీ మీద కొట్లాడేవాళ్లు పక్కవాడి అంటరానితనం మీద ఎందుకు కొట్లాడరు? ఆ ప్రశ్న ఏ మాల్ గోడ మీద రాశారు? ఇనుప స్తంభాలకు రంగులేసి, మగ్గం ముక్కను అద్దాల పెట్టెలో పెడితే చరిత్ర అయిపోతుందా?

ఇది పరాయి ఊరి గొడవ కాదు. బొంబాయి కామాఠీపురకు ఆ పేరొచ్చింది తెలంగాణ నుంచి కూలికి పోయిన కామాటీల వల్లే. మన పద్మశాలీలు ఆ మిల్లుల్లో నేసినోళ్లే. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు కూడా మూతపడింది.

మనల్ని మనమూ అడుక్కోవాలి. 2011 డిసెంబర్ 6న దళిత కార్యకర్తలు దాదర్‌లోని ఇందూ మిల్లులోకి చొరబడి, ఇది అంబేద్కర్ స్మారకానికి ఇవ్వాల్సిందేనని కూర్చున్నారు. కొట్లాడి పన్నెండున్నర ఎకరాలు సాధించారు. 2015లో శంకుస్థాపన జరిగింది. మాల్ కావాల్సిన చోటు మనదైంది. ఇది విజయమే. కాని అక్కడ విగ్రహం ఎత్తు గురించి మాట్లాడినంతగా మిల్లు కూలీ గురించి మాట్లాడామా? బాబాసాహెబ్ అదే పరేల్‌లో, కార్మికుల చాల్లోనే ఏళ్ల తరబడి బతికాడు గదా!

అందుకే అడుగుదాం. పాత మిల్లును వాడుకునే ప్రతి చోటా కార్మిక కుటుంబాలకు ఇల్లు, పని, దుకాణాల్లో వాటా ఉండాలి. ఏ ఖాతాలో ఎవర్ని రానిచ్చారో, ఎవర్ని రానివ్వలేదో గోడ మీద రాసి పెట్టాలి. ఇందూ మిల్లు స్మారకంలో దళిత కార్మికులకు ఒక గది ఉండాలి. అందులో ఒక నాడె పెడితే చాలు. దాన్ని నోట పెట్టుకోనివ్వనిది ఎవర్ని అని మన పిల్లలు అడుగుతారు. అడిగినప్పుడు చెప్పడానికి మనముండాలి.