మెడలో కార్డు, జేబులో కాగితం

మా పల్లె నుంచి ఒక పిల్లోడు ఈమధ్య ఒక పెద్ద పార్టీ మహాసభకి పోయొచ్చాడు. యువ ప్రతినిధిగా. వాడి పేరు రాయను, రాస్తే రేపు వాడి పనికి ఎసరొస్తుంది. పార్టీ పేరూ రాయను. మీ ఊరి సెంటర్లో ఏ జెండా దిమ్మె పెద్దదో ఆ పార్టీ అనుకోండి, పెద్దగా తప్పు పోదు.

వాడు నా దగ్గర ఆరు నుంచి పది దాకా చదివినోడు. తర్వాత డిగ్రీ చేశాడు. గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర చీటీలు రాస్తాడు. అదే యార్డులో బస్తాలు మోసి వాళ్ల నాయన నడుం పోగొట్టుకున్నాడు. మహాసభకి పిలుపొచ్చిందనగానే వాళ్లమ్మ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి పెట్టింది. మెడలో వేసుకునే కార్డు మీద వాడి ఫోటో, పేరు, కింద లావు అక్షరాలతో 'ప్రతినిధి'. పల్లెంతా ఆ కార్డుని చేతులు మార్చుకుంటూ చూశాం. అబద్ధమెందుకు, నాకూ గుండె పొంగింది. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. నా హాల్ టికెట్టుని మా నాయన ఇట్టాగే అటూ ఇటూ తిప్పి చూశాడు, చదవడం రాకపోయినా.

పోయే ముందు రాత్రి అంబేడ్కర్ విగ్రహం దగ్గర కూర్చుని ఒక కాగితం రాశాం. నేను సర్కారు పంతుల్ని. 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమాల ప్రకారం పార్టీల జోలికి పోకూడదు. కానీ పల్లె గోడు కాగితం మీద పెట్టకూడదని ఏ నియమంలోనూ లేదు గదా. అందులో రెండే సంగతులు. ఒకటి, మా శ్మశానానికి దారి. వానాకాలం ఎవరన్నా పోతే పాడెని పొలం గట్ల మీద మోసుకుపోవాలి. గట్టు ఆసామిది, బురద మాది. పోయినేడు మా పెదనాయన్ని మోస్తుంటే కాలు జారి పాడె వరిచేలోకి ఒరిగింది. ఏడవాలో, తొక్కిన పైరుకి ఆసామి ఏమంటాడోనని భయపడాలో తెలియలేదు మాకు. రెండోది సబ్‌ప్లాన్. మన జనాభా ఎంతో అంత వాటా నిధులు మనకే కేటాయించాలని 2013లో చట్టం చేశారు. ఆ పద్దు కింద మా పల్లెకి ఏం వచ్చిందో లెక్క గోడ మీద రాయమని అడిగాం. అంతే. రాజ్యాలేమీ అడగలేదు.

మూడోనాటి రాత్రి వాడు తిరిగొచ్చాడు. "ఏమైందిరా?" అంటే చొక్కా జేబులోంచి అదే కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. మడత కూడా మారలేదు.

"ఏం చెప్పను మాస్టారూ, పేర్లు రాయించుకునే కాడే మొదలైంది. యువజన విభాగం లైనులో నిలబడ్డా. పల్లె పేరు చూసి, నువ్వు ఎస్సీ సెల్ లైనులో గదా ఉండాల్సింది అన్నాడు. నాది యూత్ కార్డండీ అన్నా. అది సరేలేవయ్యా, మీవాళ్లంతా అటే ఉన్నారు, పో అన్నాడు."

చూశారా అన్నలారా, అక్కలారా! మన పిల్లోడికి ఇరవై నాలుగేళ్లు వచ్చినా యువకుడు కాలేడు. ఆ లైనులో వాడికి ముందున్న యువనాయకుడు నాకన్నా రెండేళ్లు పెద్ద. ఆయనకి మనవరాలుందంట. అయినా ఆయన యువజనం, మనోడు ఎస్సీ సెల్. మిగతా కులాలకి వయసుంటుంది, వృత్తి ఉంటుంది, జిల్లా ఉంటుంది. మనకి మాత్రం పుట్టిన కాణ్ణించి పాడె ఎక్కేదాకా ఒకటే గది.

రెండోరోజు వాడి చేత నీళ్ల ప్యాకెట్లు మోయించారు. వాలంటీర్లు తక్కువయ్యారంట. ముందు వరసల్లో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, ఆ వెనక నిలబడ్డోళ్లు. నీళ్లు అందించేవాళ్లలో ఎక్కువమంది మన పల్లెల పిల్లలేనన్నాడు. పని చెప్పినోడు మర్యాదగానే చెప్పాడు, తమ్ముడూ అనే పిలిచాడు. మన చేతి నీళ్లు తాగారు గదా, ఇంకా అంటరానితనం ఎక్కడుందని అడుగుతారు కొందరు. నీళ్లు తాగారయ్యా. మాట తాగలేదు.

ఇక తీర్మానాల సంగతి. మన సంక్షేమం మీద తీర్మానం సరిగ్గా అన్నాల వేళ చదివారు. సగం టెంటు పంక్తుల కాడికి పోయింది. చప్పట్లు కొట్టారు, అయిపోయింది. "ఎవరన్నా మాట్లాడతారా అని అడగలేదా?" అన్నాను. వాడు సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. మొదటిరోజు పొద్దున్నే అందరికీ పంచిన పుస్తకం అది. తీర్మానాలన్నీ అందులో అచ్చయి ఉన్నాయి. ఒక్కో తీర్మానం చివర 'మహాసభ ఏకగ్రీవంగా ఆమోదించింది' అని కూడా అచ్చయి ఉంది. సభ మొదలవకముందే ఆమోదించింది! నేను పాతికేళ్లుగా పిల్లలకి ప్రజాస్వామ్యం పాఠం చెబుతున్నా, ఈ క్రియారూపం ఏ వ్యాకరణంలోదో నాకు తెలియలేదు.

అయినా వాడు ఊరుకోలేదు. నా విద్యార్థి గదా, ఆ మాత్రం గర్వం నాకుండనివ్వండి. వేదిక మెట్ల కాడికి పోయి, యువ ప్రతినిధిని, రెండు నిమిషాలు మాట్లాడతాను అన్నాడంట. మెట్ల కాడ ఉన్నాయన ఎగాదిగా చూసి, "నువ్వు ఎవరి తాలూకు?" అన్నాడు. వీడు "మా పల్లె తాలూకండీ" అన్నాడు. అక్కడున్నోళ్లు నవ్వారంట.

ఆ నవ్వు గురించే నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది. వాళ్లు నవ్వింది న్యాయమే. ఎందుకంటే వాడికి ఆ కార్డు ఇచ్చింది మా పల్లె కాదు. నియోజకవర్గం పెద్దాయన ఇచ్చాడు. ఎవరు ఇచ్చారో వాళ్ల తాలూకే అవుతాడు. వాణ్ణి పార్టీ దగ్గరికి పల్లె పంపలేదు, పల్లెలో పార్టీకి ఒక మనిషి కావాల్సి వచ్చి పిలిపించుకున్నారు. కార్డు మీద 'ప్రతినిధి' అని రాసినంత మాత్రాన ఎవరికి ప్రతినిధో రాయలేదు గదా.

ఇది కొత్త తగువు కాదు. బాబాసాహెబ్ 1932లో కొట్లాడింది దీనిమీదే. మనకి సీట్లు ఉండటం ఒకటి, ఆ సీట్లో కూర్చునేవాణ్ణి మనమే ఎంచుకోవడం ఒకటి. గాంధీ నిరాహారదీక్ష పట్టాక ఆ సెప్టెంబరు 24న పూనా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రాష్ట్రాల శాసనసభల్లో 148 సీట్లొచ్చాయి, ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. దానికి బదులు ఒక చిన్న ఏర్పాటు మిగిలింది. ముందు మన ఓటర్లే ప్రాథమిక ఎన్నికలో నలుగుర్ని ఎంచాలి, ఆ నలుగురిలో ఒకర్ని అందరూ కలిసి ఎన్నుకోవాలి. రాజ్యాంగం వచ్చేసరికి అది కూడా లేదు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175కి 29, తెలంగాణలో 119కి 19 మనకి రిజర్వు సీట్లు. టికెట్టు ఎవరు ఇస్తున్నారు? గెలిచినోడు పొద్దున్నే లేచి ఎవరి గుమ్మం ముందు నిలబడుతున్నాడు? అక్కడ ఎమ్మెల్యేకి జరిగేదే ఇక్కడ మా పిల్లోడికీ జరిగింది. కాకపోతే వాడికి సోఫా లేదు.

మహాసభ అంటే ఎప్పుడూ ఇట్టాగే ఉండాలని లేదు. 1942 జూలైలో నాగపూర్‌లో మనవాళ్లు మహాసభ పెట్టుకున్నారు. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ అక్కడే పుట్టింది. ఆ రోజుల్లోనే అక్కడ ఆడవాళ్లు విడిగా తమ మహాసభ జరుపుకున్నారు. విడాకుల హక్కు కావాలని, మగవాడు ఇద్దర్ని ముగ్గుర్ని కట్టుకోవడం ఆపాలని, పనిచేసే ఆడవాళ్లకి సెలవులు ఇవ్వాలని తీర్మానించారు. ఎనభై ఏళ్ల కిందటి మాట! తమ ఇంట్లో తమ పనిలో నొప్పి ఎక్కడుందో అదే తీర్మానమైంది. 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్లని చంపాక ఆ ఏడే దళిత మహాసభ పుట్టిందంటే, అది ఏ పెద్ద పార్టీ సంచిలోనూ ముందే అచ్చయి లేదు.

లోపల ఉంటేనే పనులవుతాయి అనే అన్నలున్నారు. వాళ్లని నేను తీసిపారేయను. మా పల్లెలో సిమెంటు రోడ్డు పడింది లోపలున్న ఒక మనిషి వల్లనే. బయట నిలబడి తిట్టినంత మాత్రాన శ్మశానానికి దారి రాదు. పోనివ్వండి పిల్లల్ని. కానీ ఎవరు పంపితే పోతున్నారు, వచ్చి ఎవరికి లెక్క చెబుతున్నారు? ఇంకోమాట, ఇది మన మీదే. మా పల్లెలో డిగ్రీ చదివిన ఆడపిల్లలు నలుగురున్నారు. కార్డు ఎవరికిద్దామని పెద్దాయన మనిషి వచ్చి అడిగినప్పుడు వాళ్ల పేరు ఒక్కరి నోటా రాలేదు. నా నోటా రాలేదు. నాగపూర్ కథ చెప్పే పంతులు నోటికి కూడా.

పోయిన ఆదివారం రాత్రి మళ్లీ విగ్రహం దగ్గర కూర్చున్నాం. ఈసారి ఆడవాళ్లూ వచ్చారు. పిల్లోడు మూడు రోజుల సంగతీ నిలబడి చెప్పాడు. నీళ్ల ప్యాకెట్ల కాడికొచ్చేసరికి వాళ్లమ్మ లేచి ఇంట్లోకి పోయింది. అదే కాగితాన్ని మళ్లీ రెండు ప్రతులు రాసి అందరం సంతకాలు, వేలిముద్రలు వేశాం. ఒకటి మా యువజన సంఘం రిజిస్టర్లో అంటించాం. రెండోది పట్టుకుని వాడితో పాటు ఇంకో ఆడపిల్ల పోవాలని ఒప్పుకున్నాం.

నిన్న పెద్దాయన మనిషి ఫోన్ చేశాడంట, వచ్చే నెల ర్యాలీకి పదిమంది కుర్రాళ్లని, బండ్లని తోలుకు రమ్మని. పెట్రోలు వాళ్లే పోయిస్తారంట. ముందు మా కాగితం తీసుకుని అందినట్టు సంతకం పెట్టండి, తర్వాత బండ్ల సంగతి చూద్దాం అన్నాడు మా పిల్లోడు. కనుక్కుని చెబుతానని పెట్టేశాడు ఆయన. ఇది రాసే వేళకి ఇంకా ఫోను రాలేదు.