ఉక్కుకు ఉన్న లెక్క ఉదరవ్యాధికి లేదు

2023 అక్టోబర్ 3న ప్రధాని మోదీ బస్తర్‌లోని నగర్‌నార్ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యం, రూ.23,800 కోట్లకు పైగా వ్యయం. నిర్మించిన ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. ఈ లెక్కలు అందరికీ తెలుసు. ఆ కర్మాగారం పక్క పల్లెలో ఒక స్త్రీ వారాల తరబడి కడుపుబ్బరంతో బాధపడితే, గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోవడమే తప్ప అండాశయ క్యాన్సర్ కావచ్చునన్న అనుమానం కలిగేది ఎంతమందికి?

2022లో మన దేశంలో ఈ వ్యాధి సుమారు 47 వేల మందిలో కొత్తగా బయటపడిందనీ, దాదాపు 33 వేల మంది మరణించారనీ అంతర్జాతీయ అంచనా. అత్యధికుల్లో వ్యాధి ముదిరాకే తెలియడం ఇందుకు ప్రధాన కారణం.

లక్షణాలు నాలుగు: తగ్గని కడుపుబ్బరం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లుండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం. ఇవి కొత్తగా మొదలై, నెలలో పన్నెండు రోజులకు మించి వేధిస్తుంటే, ముఖ్యంగా యాభై దాటినవారిలో, సీఏ-125 రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ అవసరం. తల్లికో, అక్కచెల్లెళ్లకో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చివుంటే మరింత జాగ్రత్త కావాలి. ఉదర క్షయలోనూ సీఏ-125 పెరుగుతుంది గనుక ఒక్క రక్తపరీక్షతో నిర్ధారణకు రాకూడదు.

ప్రభుత్వ స్క్రీనింగ్ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే పరిమితం. 2024 మధ్యంతర బడ్జెట్‌లో ప్రస్తావించిన టీకా సైతం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కే. పాప్ పరీక్షతో అండాశయ వ్యాధిని పసిగట్టలేము. లక్షణాలు లేని స్త్రీలందరినీ పరీక్షించినా మరణాలు తగ్గలేదని రెండు లక్షల మందిపై జరిగి, 2021లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం తేల్చింది. అందుచేత అండాశయాన్ని స్క్రీనింగ్‌లో చేర్చమనడం అర్థరహితం. అడగవలసింది వేరు.

ఆశా వ్యవస్థకన్నా ముందే, 2002లో ఛత్తీస్‌గఢ్ మితానిన్‌లను నియమించింది. స్త్రీలను రొమ్ములో గడ్డల గురించీ, అసాధారణ రక్తస్రావం గురించీ అడిగే ఆరోగ్య కార్యకర్తల ప్రశ్నావళిలో కడుపుబ్బరంపై ఒక్క ప్రశ్న చేర్చాలి. అనుమానం కలిగినవారిని జగదల్‌పూర్ వైద్య కళాశాలకు పంపే మార్గం, ప్రయాణ ఖర్చు కల్పించాలి. అప్పుడైనా అన్ని కేసులూ తొలిదశలోనే దొరుకుతాయనలేము. అయితే గ్యాస్ మాత్రల మీద గడిచిపోయే నెలలు మిగులుతాయి.

ఇందుకు కోట్లు అక్కర్లేదు. బస్తర్‌ను ఖనిజంగానే కాక మనుషులుగానూ చూసే రాజకీయం కావాలి.