చిప్ ఎంత బాగా నిద్రపోతోంది?

కొత్త ఫోన్ కొనేముందు మనం అడిగేది ఎన్ని కోర్లు, ఎన్ని గిగాహెర్ట్జ్ అనే. చిప్ తయారుచేసేవాళ్ల తలనొప్పి వేరు: పని లేనప్పుడు దాన్ని ఎంత బాగా పడుకోబెట్టగలం? ఈ ప్రశ్న ఇప్పుడు మా అనకాపల్లి జిల్లా గుమ్మంలోకీ వచ్చింది.

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖ ఏఐ హబ్‌ని ప్రకటించింది. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి. దానికి అనుకున్న చోట్లలో తర్లువాడ, అడవివరంతో పాటు మా జిల్లాలోని రాంబిల్లి కూడా ఉంది. మా ఎస్. రాయవరం నుంచి అదేమంత దూరం కాదు. అందరూ ఉద్యోగాల గురించి అడుగుతున్నారు, అడగాల్సిందే. దాంతో పాటు కరెంటు లెక్క కూడా ఒకసారి చూద్దాం.

గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. పరవాడ దగ్గరున్న ఎన్టీపీసీ సింహాద్రి బొగ్గు కేంద్రం మొత్తం సామర్థ్యమే 2000 మెగావాట్లు. అంటే అందులో సగం! గిగావాట్ లోడు పూర్తిగా, రోజంతా నడిస్తే 2.4 కోట్ల యూనిట్లు కాలుతాయి. నెలకి 200 యూనిట్లు వాడే ఇళ్లతో పోలిస్తే 36 లక్షల ఇళ్ల వాడకం అది.

ఇంత కరెంటు ఏమవుతుంది? చిప్‌లో కోట్లాది ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవుతుంటాయి. ఆ పనికి పట్టే పవర్ క్లాక్ వేగాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజ్‌కైతే స్క్వేర్ లెక్కన పెరుగుతుంది. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజ్ కూడా పెంచాలి, అక్కడే దెబ్బ పడుతుంది. ఇదే లెక్క తిరగేసి చూడండి. రెండిటినీ 20 శాతం తగ్గిస్తే, 0.8ని మూడుసార్లు గుణించాలి: 0.51. వేగం ఐదో వంతే తగ్గింది, పవర్ మాత్రం దాదాపు సగానికి పడిపోయింది. మిగిలిన సగంతో ఇంకో కోర్ నడపొచ్చు. పనిని ఇద్దరికీ పంచగలిగితే అదే పవర్‌తో 1.6 రెట్లు పని. మీ ఫోన్‌లో ఎనిమిది కోర్లు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైంది కదా.

ఒకప్పుడు ఈ తంటా లేదు. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ వోల్టేజ్ కూడా తగ్గించుకోవచ్చని 1974లో ఐబీఎంకి చెందిన రాబర్ట్ డెనార్డ్ బృందం చూపించింది. 2005 ప్రాంతంలో ఆ సుఖం అయిపోయింది. ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ల నుంచి కూడా కరెంటు కారిపోతుండటంతో వోల్టేజ్‌ని ఇంకా దించడం కుదరలేదు. అప్పట్నుంచి వేగం కంటే పొదుపే పెద్ద విద్య అయింది.

ఆ విద్యలో రెండు మెట్లున్నాయి. రిమోట్‌తో టీవీ ఆపితే బొమ్మ పోతుంది, ఎర్ర లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. చిప్‌లో ఖాళీగా ఉన్న భాగానికి క్లాక్ ఆపేయడం అలాంటిది. ప్లగ్ పీకేస్తే అదీ ఉండదు. ఆ భాగానికి సరఫరానే కట్ చేయడం అలాంటిది. కాకపోతే గాఢనిద్ర నుంచి లేవడానికి టైం పడుతుంది, కరెంటూ పడుతుంది. మాలాంటి సాఫ్ట్‌వేర్‌వాళ్లు సెకనుకోసారి 'కొత్త మెసేజ్ వచ్చిందా?' అని తట్టిలేపే కోడ్ రాస్తే, ఎంత గొప్ప చిప్పైనా నిద్రపోలేదు. కొన్ని యాప్‌లు తెరవకపోయినా బ్యాటరీ తాగేసేది ఇలాగే.

సర్వర్లదీ ఇదే కథ. 2007లో గూగుల్ ఇంజనీర్లు బారోసో, హోల్జ్‌లె రాసిన పేపర్ ప్రకారం అప్పటి మంచి సర్వర్లు కూడా దాదాపు ఏ పనీ చేయనప్పుడే పూర్తి పవర్‌లో సగం లాగేవి. అప్పట్నుంచి పరిస్థితి చాలా మెరుగుపడింది. మరి మొత్తం వాడకం తగ్గాలి కదా? తగ్గలేదు. ఎన్విడియా హెచ్100 చిప్ ఒక్కటే గరిష్ఠంగా 700 వాట్లు తీసుకుంటుంది. మన ఇళ్లలోని 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్లు తొమ్మిది తిరిగినంత. అలాంటివి వేలల్లో పెడతారు.

ఒక్కో పని చవకయ్యేకొద్దీ మనం మరిన్ని పనులు చేయిస్తాం. ఆవిరి యంత్రాలు పొదుపుగా తయారయ్యాక బొగ్గు వాడకం ఇంకా పెరిగిందని 1865లోనే ఇంగ్లండ్‌లో జెవన్స్ రాశాడు. చిప్‌లకీ అదే వర్తిస్తుంది.

అందుకే పొదుపు అనవసరం అనుకోకండి. గిగావాట్‌లో 10 శాతం ఆదా అయితే 100 మెగావాట్లు. సింహాద్రి రిజర్వాయర్ మీద తేలుతున్న సోలార్ ప్లాంటు సామర్థ్యం 25 మెగావాట్లే!

కానీ 'మా చిప్‌లు చాలా ఎఫిషియెంట్' అని ఎవరైనా చెబితే అక్కడితో తృప్తిపడొద్దు. మొత్తం ఎన్ని యూనిట్లు? అందులో బొగ్గుది ఎంత, గాలి, ఎండలది ఎంత? చల్లబరచడానికి నీళ్లు ఎక్కడివి? పని తగ్గిన వేళ లోడు ఎంతకి దిగుతుంది? ఈ నాలుగూ అడగండి. జవాబులు అంకెల్లో ఇవ్వమనండి. ఉద్యోగం కోసం రెజ్యుమే పట్టుకుని వెళ్లేవాళ్లు కూడా ఇవి అడగొచ్చు, తప్పేం లేదు.