కోత తర్వాతి నొప్పి ఎవరి బాధ్యత?

సిజేరియన్ అయిన మొదటి రాత్రి బాలింత మూలుగుతుంటే మన ఆసుపత్రి వార్డుల్లో వినిపించే మాట ఒకటుంది: ‘కోసి కుట్టాక నొప్పి ఉండదా? ఓర్చుకోవాలమ్మా.’ నర్సు అంటుంది, పక్క మంచం ఆవిడ అంటుంది, కన్నతల్లీ అంటుంది. బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో కాన్పుల వార్డులో పడుకున్నవారిలో చాలామందికి ఇది తెలిసిన మాటే. ఓదార్పుగానే అంటారు. కానీ మందు ఇవ్వాల్సిన చోట ఓదార్పుతో సరిపెట్టడం తప్పు.

సిజేరియన్‌కు సాధారణంగా వెన్నుకు మత్తు సూది వేస్తారు. అందులోని బుపివకైన్ ప్రభావం రెండు మూడు గంటల్లో తగ్గిపోతుంది. అసలు నొప్పి అప్పుడు మొదలవుతుంది. అప్పటికి మత్తు డాక్టరు ఇంకో కేసులోనో, ఇంకో ఊళ్లోనో ఉంటారు. చిన్న పట్టణాల్లో వారు ఫోను వస్తే ఒక నర్సింగ్‌హోమ్ నుంచి మరో దానికి పరుగెత్తడం మామూలే. సర్జన్ కుట్లు చూస్తారు, కాన్పుల డాక్టరు రక్తస్రావం చూస్తారు. నొప్పిని చూసే బాధ్యత మాత్రం కేస్‌షీటులో ఎవరి పేరు మీదా ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. అన్ని కోతలు అవసరమా అన్న చర్చ విడిగా జరగాల్సిందే. ఈలోగా కోత పడిన తల్లుల సంగతేమిటి?

ఈ నొప్పిని తగ్గించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పారాసెటమాల్, డైక్లోఫెనాక్ వంటి మామూలు మందులనే, రోగి ఏడ్చేదాకా ఆగకుండా, వేళ తప్పకుండా ఇస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. పొట్ట కండరాల పొరల మధ్య మత్తుమందు ఎక్కించవచ్చు. వెన్నుసూదిలోనే అతి కొద్దిగా మార్ఫిన్ కలిపితే దాదాపు రోజంతా ఉపశమనం ఉంటుంది. నొప్పి అదుపులో ఉన్న తల్లి లేచి కూర్చుని బిడ్డకు పాలు పడుతుంది, త్వరగా నడుస్తుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. పొట్ట ఆపరేషన్ అయిన ముసలాయన గట్టిగా దగ్గగలుగుతాడు, ఛాతీలో కఫం పేరుకోదు. పళ్ల బిగువున ఓర్చుకున్నవాళ్లకు ఈ మేలేదీ దక్కదు. కొందరిలో ఆ నొప్పి నెలల తరబడి పాతుకుపోతుంది కూడా.

వెన్నుకు సూది వేయించుకుంటే జీవితాంతం నడుంనొప్పి తప్పదన్న నమ్మకం మన ఊళ్లలో గట్టిగా ఉంది. అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. కొందరికి కొన్నాళ్లు తలనొప్పి వచ్చేమాట నిజం. సన్నసూదులు వచ్చాక అదీ తగ్గింది. ఈ నాలుగు ముక్కలు ఆపరేషన్‌కు ముందే ఎవరో పక్కన కూర్చుని చెప్పాలి.

ఇందాక చెప్పిన మార్ఫిన్ ఇచ్చాక మాత్రం శ్వాసను కనిపెట్టుకుని ఉండాలి. ఈ విద్య మనకు కొత్తది కాదు. 1888, 1889లలో హైదరాబాద్‌లో మత్తుకు వాడే క్లోరోఫామ్‌పై రెండు కమిషన్లు పనిచేశాయి. వాటి వెనకున్న సర్జన్ ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపదని వాదించాడు. అది తప్పని తర్వాత తేలింది. మత్తులో ఉన్నవారి ఊపిరి మీంచి చూపు తిప్పరాదని ఆయన పట్టుబట్టింది మాత్రం నేటికీ చెల్లే పాఠమే. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదువుకున్నవారే. రాత్రిపూట ఊపిరి లెక్కపెట్టే మనిషి లేరని ఈనాడు మార్ఫిన్‌ను పక్కన పెట్టాల్సి రావడం నాకు బాధ కలిగిస్తుంది. శిక్షణ పొందిన నర్సు, పల్స్ ఆక్సీమీటరు, గంట గంటకూ నింపే చార్టు ఉంటే ఆ పని జరుగుతుంది.

అవనిగడ్డ ఉన్న దివిసీమకు ఊపిరిని కాచే ఈ నైపుణ్యం మరో కారణంగానూ అవసరం. 2018 వానాకాలంలో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు పెరిగిపోతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం చేశారు. పొలాల్లో పనిచేసేవాళ్ల భయం అంతటిది. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియనివ్వదు. రెప్పలు వాలతాయి, మింగుడు పడదు, చివరకు ఊపిరి ఆడించే కండరాలు చచ్చుబడతాయి. విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చినా, ఆ కండరాలు కోలుకునేదాకా శ్వాస అందిస్తూనే ఉండాలి. గొంతులోకి గొట్టం వేయడం, అంబూ బ్యాగుతో ఊపిరి అందించడం మత్తు డాక్టరు రోజూ చేసే పని. నాగాయలంక, కోడూరుల నుంచి రోగిని మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు చేర్చేలోగా ఆ పని తెలిసినవారు అవనిగడ్డలో ఉండాలి. కాన్పు అత్యవసరాల కోసం ఎంబీబీఎస్ డాక్టర్లకు మత్తువైద్య శిక్షణ ప్రభుత్వ పథకంలో ఎప్పటినుంచో ఉంది. దివిసీమలో పనిచేసే డాక్టర్లకు ఆ అవకాశం ముందు దక్కాలి.

బందరులో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల 150 సీట్లతో మొదలైంది. కళాశాల అన్నాక అనస్థీషియా విభాగం తప్పనిసరి. ఆ విభాగం పని ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఆగకూడదు. ఉదయం, సాయంత్రం సర్జరీ వార్డులోనూ కాన్పుల వార్డులోనూ నొప్పి ఎంతుందో అడిగే రౌండ్లు వారే వేయాలి. నాడి, రక్తపోటు రాసినట్టే నొప్పినీ సున్నా నుంచి పది దాకా అంకె వేసి రాయాలి. గుడివాడ, అవనిగడ్డల నర్సులకు అక్కడే తర్ఫీదు ఇవ్వాలి.

నయంకాదని ఇంటికి పంపేసిన క్యాన్సర్ రోగుల నొప్పీ ఈ విభాగం బాధ్యతే కావాలి. కేరళలోని కోళికోడ్‌లో 1993లో నొప్పి ఉపశమన ఉద్యమానికి నాంది పలికినవారిలో ఒకరైన డాక్టర్ ఎం.ఆర్.రాజగోపాల్ మత్తు వైద్యుడే. మార్ఫిన్ కోసం అనేక లైసెన్సుల చుట్టూ తిప్పిన మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించారు. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చే ఒక్క గుర్తింపు చాలు. ఆ గుర్తింపు లేని ఆసుపత్రి వెంటనే దరఖాస్తు పెట్టాలి. ఉన్న ఆసుపత్రి మార్ఫిన్ మాత్రలు ఏ నెలా నిండుకోకుండా చూడాలి.