ఒంటి నిట్రాడ పాక

2011 అక్టోబరు 23, ఆదివారం రాత్రి. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరం. మ్యాచ్ అయిపోయేసరికి స్కోరు బోర్డు మీద అంకెలివి: న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ 62, ఇండియానాపొలిస్ కోల్ట్స్ 7. చిన్నపిల్లల జట్టు పెద్దవాళ్లతో ఆడినా ఇంత తేడా రాదేమో!

ఆ ఓడిన జట్టు ఆషామాషీది కాదు. 2002 నుంచి 2010 దాకా వరుసగా 9 ఏళ్లు ప్లేఆఫ్స్‌కు వెళ్లిన జట్టు. 2007 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ కప్పు ఎత్తిన జట్టు. అంతకు ముందు ఏడాదే 16 మ్యాచుల్లో 10 గెలిచింది. అలాంటిది 2011లో వరుసగా మొదటి 13 మ్యాచులూ ఓడింది. చివరికి 16 ఆడితే గెలిచినవి రెండంటే రెండు.

ఇంతకీ ఏమైంది? యజమాని మారలేదు. కోచ్ మారలేదు. ఆటగాళ్లలో చాలామంది పాతవాళ్లే. కనబడనిది ఒక్కడే. 18వ నెంబరు చొక్కా వేసుకునే పేటన్ మానింగ్. మెడకు ఆపరేషను జరిగి ఆ ఏడాదంతా ఆటకు దూరమయ్యాడు. ఒక్కడు పక్కకు తప్పుకుంటే 10 విజయాలు 2 అయిపోయాయి!

అన్నీ అతని చేతిలోనే...

మానింగ్ క్వార్టర్‌బ్యాక్. ఆ మాటకు అర్థం తెలియాలంటే ముందు ఆట తెలియాలి. మనకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది. అమెరికన్లు ఆ పేరు పెట్టుకున్న ఆటలో కాలికంటే చేతికే పని ఎక్కువ. బంతి గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. ఒక్కో వైపు 11 మంది. బంతి చేతికొచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు వెళ్లాలి. వెళితే మరో నాలుగు అవకాశాలు. వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్ల పాలు. అలా జరుపుకుంటూ పోయి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు.

ఈ అవకాశాల్లో దాదాపు ప్రతిసారీ బంతి ముందుగా చేరేది ఒక్కడి చేతికే. అతనే క్వార్టర్‌బ్యాక్. దాన్ని దూరంగా పరుగెడుతున్న సహచరుడికి విసరాలా, పక్కవాడి చేతిలో పెట్టాలా, తనే పట్టుకుని పరిగెత్తాలా... తేల్చుకోవడానికి అతనికి దొరికేది రెండు మూడు సెకన్లు. ఆలోపే అవతలి జట్టువాళ్లు మీద పడి నేలకు కరిపించడానికి దూసుకొస్తుంటారు.

అంతకు ముందు ఇంకో పరీక్ష ఉంది. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న స్పీకరు ఉంటుంది. ఏ ఎత్తు వేయాలో కోచ్ అందులోనే చెబుతాడు. ఆట మొదలుపెట్టాల్సిన గడువుకు 15 సెకన్లు మిగలగానే ఆ స్పీకరు మూగబోతుంది. అక్కడి నుంచీ అంతా అతని తెలివే. ఎదుటివాళ్లు నిలబడిన తీరు చూడాలి. ఎవడు ఎటు దూకబోతున్నాడో పసిగట్టాలి. అనుకున్న ఎత్తు పారదనిపిస్తే అప్పటికప్పుడు మార్చేసి మిగతా 10 మందికీ కేకేసి చెప్పాలి. మానింగ్ పేరు మోగింది ఈ విద్యలోనే. బంతి అందుకోబోయే ముందు అటూ ఇటూ తిరుగుతూ, చేతులూపుతూ, కేకలు పెడుతూ అతను చేసే హడావుడి చూడటానికే టీవీల ముందు కూర్చునేవారు జనం.

తొంభైల్లో సచిన్ అవుటవగానే టీవీ కట్టేసిన ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి. అయినా క్రికెట్‌లో ఒకడు అవుటైతే తర్వాతివాడు బ్యాటు పట్టుకొస్తాడు. బ్యాటింగ్ పోతే బౌలింగ్ ఉంది. ఈ ఆటలో అలా కాదు. బంతి వెళ్లే దారే ఆ ఒక్కడి చేతుల మీదుగా ఉంది. ఆ దారి మూసుకుపోతే వెనక ఎంతటి వీరులున్నా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

అది ఎంత నిజమో 2023 జనవరి 29న కోట్లమంది కళ్లారా చూశారు. సూపర్ బౌల్‌కు ముందు మెట్టు. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్, ఫిలడెల్ఫియా ఈగల్స్ తలపడ్డాయి. ఫార్టీనైనర్స్‌కు ఆ సీజనులో అప్పటికే ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు గాయపడి ఇంట్లో కూర్చున్నారు. మూడోవాడు బ్రాక్ పర్డీకి ఆట మొదట్లోనే మోచేయి దెబ్బతింది. నాలుగోవాడు జోష్ జాన్సన్ దిగితే అతనికి తలకు దెబ్బ తగిలింది. గత్యంతరం లేక, దూరంగా విసరలేని చేత్తోనే పర్డీ మళ్లీ బరిలోకొచ్చాడు. ఇక అది పెళ్లికొడుకు లేని పెళ్లే! 31-7తో ఓడిపోయారు. ఆ దెబ్బకు లీగ్ పెద్దలు కూర్చుని, అత్యవసరానికి మూడో క్వార్టర్‌బ్యాక్‌ను ఉంచుకునేలా ఆ ఏడాదే నిబంధన తెచ్చారు.

రెండోవాడు ఎక్కడ?

మరి ఆ ఒక్కడూ పడిపోయిన ప్రతి జట్టూ ఇలాగే కుప్పకూలిందా? లేదు. అసలు ఆలోచించాల్సింది ఇక్కడే.

న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ సంగతి చూడండి. 2007లో లీగ్ దశలో 16కి 16 మ్యాచులూ గెలిచింది. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ పేరు తెలియని అమెరికన్ ఉండడు. 2008లో మొదటి మ్యాచ్‌లోనే అతని మోకాలు దెబ్బతింది. ఆ ఏడాదికి ఆట సరి. బదులుగా దిగినవాడు మాట్ కాసెల్. హైస్కూలు రోజుల తర్వాత మొదటి నుంచీ క్వార్టర్‌బ్యాక్‌గా దిగి మ్యాచ్ ఆడిన అనుభవమే లేదతనికి! కాలేజీలోనూ బెంచీ మీదే, పేట్రియట్స్‌లోనూ మూడేళ్లుగా బెంచీ మీదే. అలాంటివాడు జట్టును 11 విజయాల దాకా నడిపించాడు. ప్లేఆఫ్స్ తప్పిపోయిన మాట నిజమే. బ్రేడీ లేని లోటు లోటే. కానీ 16 నుంచి 11కు దిగడం వేరు, 10 నుంచి 2కు జారిపోవడం వేరు.

2017లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌ది ఇంకా విచిత్రం. జోరు మీదున్న కార్సన్ వెంజ్ మోకాలు డిసెంబరులో దెబ్బతింది. ఇక ఆశలు వదులుకోవాల్సిందే అనుకున్నారంతా. రెండోవాడు నిక్ ఫోల్స్ అంతకు ముందు ఏడాది ఆట మానేద్దామా అనుకున్న మనిషి. అతనే 2018 ఫిబ్రవరి 4న జరిగిన సూపర్ బౌల్‌లో బ్రేడీ జట్టును 41-33తో ఓడించి, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు.

తేడా ఎక్కడుంది? ఆ జట్లకు క్వార్టర్‌బ్యాక్ ముందు గోడకట్టినట్లు నిలబడే అయిదుగురు బలమైనవాళ్లున్నారు. పరుగులు ఆపే రక్షణ ఉంది. రెండోవాడి బలాబలాలు చూసి ఎత్తులు మార్చే కోచ్ ఉన్నాడు. కోల్ట్స్ కథ వేరు. 1998లో జట్టులోకి వచ్చింది మొదలు 2010 చివరిదాకా మానింగ్ లీగ్ దశలో ఒక్క మ్యాచ్ కూడా తప్పలేదు. వరుసగా 208 మ్యాచులు! ప్రాక్టీసులోనూ దాదాపు బంతులన్నీ అతనివే. ఇక రెండోవాడు నేర్చుకునేదెప్పుడు? ఆపద ముంచుకొచ్చాక 2011 ఆగస్టులో, నెలన్నర కిందటే రిటైరైన 38 ఏళ్ల కెర్రీ కాలిన్స్‌ను పిలిపించారు. అతనికీ దెబ్బ తగిలాక మరో ఇద్దర్ని దించారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లయింది.

పల్లెల్లో పాక వేసేటప్పుడు నడిమధ్యన నిట్రాడ పాతుతారు. పైకప్పు బరువంతా మోసేది ఆ గుంజే. చుట్టుపక్కల గుంజలు గట్టిగా ఉంటే నిట్రాడ వంగినా పాక కొంతకాలం నిలబడుతుంది. అన్ని గుంజలూ పేరుకే ఉండి, భారమంతా నిట్రాడ మీదే వేస్తే...? 2011లో కోల్ట్స్‌కు జరిగింది అదే.

కోట్లు పోసినా...

నిట్రాడ మీద ఇంత ఆధారపడుతున్నారు కాబట్టే దానికి పెట్టే ఖర్చూ అలాగే ఉంది. ఈ లీగ్‌లో ఆటగాళ్ల జీతాలకు జట్టు మొత్తం మీద ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని ఏటా పరిమితి పెడతారు. 2024లో అది 25 కోట్ల 54 లక్షల డాలర్లు. 53 మంది జట్టుకు ఆ డబ్బు సరిపెట్టాలి. అదే ఏడాది డాలస్ కౌబాయ్స్ తమ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌తో 4 ఏళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. సగటున ఏడాదికి 6 కోట్లు. ఒక్కడికి అంత పోతే మిగతా 52 మందికి సర్దుకోవాల్సిందే. ఒకరికి పట్టుచీర కొంటే మిగతావాళ్లకు నూలుచీరలే అన్నట్లు.

పట్టుచీర కొన్నా పండగ జరుగుతుందన్న నమ్మకం లేదు. సిన్సినాటి బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ జో బరో 2024లో లీగ్ మొత్తం మీద ఎక్కువ గజాలు విసిరాడు, 4,918. ఎక్కువ టచ్‌డౌన్లు వేయించాడు, 43. అయినా అతని జట్టు 9 గెలిచి, 8 ఓడి, ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. అతను ఒకవైపు పాయింట్లు పోగేస్తుంటే, రెండోవైపు రక్షణ ఆటగాళ్లు అంతకంత సమర్పించుకున్నారు మరి!

నిట్రాడకూ నొప్పి ఉంటుంది

కోల్ట్స్ పాఠం నేర్చుకుందా? అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఓ పద్ధతి ఉంది. ఏటా కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. అందరికంటే వెనకబడిన జట్టుకు మొదటి వంతు. 2011లో అట్టడుగున నిలిచిన కోల్ట్స్‌కు ఆ వంతు దక్కింది. 2012 మార్చిలో మానింగ్‌ను వదులుకున్నారు. ఏప్రిల్‌లో ఆండ్రూ లక్ అనే కుర్రాణ్ని తెచ్చుకున్నారు. తొలి ఏడాదే 11 విజయాలు! తర్వాతి రెండేళ్లూ అంతే. ఊరు ఊపిరి పీల్చుకుంది. పాత నిట్రాడ తీసి కొత్తది పాతారు. చుట్టూ గుంజల సంగతి మాత్రం గట్టిగా పట్టించుకోలేదు.

దాని ఫలితం లక్ ఒళ్లంతా కనిపించింది. ముందు నిలబడి కాపాడాల్సిన గోడ బలహీనం కావడంతో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నాడు. 2015లో మూత్రపిండం చీలింది. బంతి విసిరే కుడి భుజం దెబ్బతింటే దాంతోనే ఆడుకుంటూ వచ్చాడు. 2017 మొదట్లో ఆపరేషను జరిగి, ఆ ఏడాదంతా ఆడలేకపోయాడు. కోల్ట్స్ మళ్లీ 4 విజయాలకు పడిపోయింది. 2018లో తిరిగొచ్చి జట్టును 10 విజయాలతో నిలబెట్టాడు.

2019 ఆగస్టు 24. సొంత మైదానంలో సన్నాహక మ్యాచ్ జరుగుతుండగానే, లక్ రిటైరవుతున్నాడన్న వార్త బయటికి పొక్కింది. గాయం, నొప్పి, చికిత్స, మళ్లీ గాయం... ఈ చక్రంలో ఆట మీద ఇష్టమే పోయిందని ఆ రాత్రే విలేకరుల ముందు చెప్పుకున్నాడు. అప్పటికి అతని వయసు 29. మైదానం దాటి లోపలికి వెళుతుంటే స్టాండ్స్‌లోంచి కొందరు అరిచి గేలి చేశారు. ఏడేళ్లు తమ బరువు మోసిన మనిషిని! ఆ అరుపులు తనకు వినిపించాయనీ, బాధ కలిగిందనీ దాచుకోకుండా చెప్పాడు.

ఒక్కడి మీద ఆధారపడటంలో ఉన్న ప్రమాదాన్ని జట్టు వైపు నుంచే లెక్కేస్తారు అందరూ. ఎన్ని మ్యాచులు పోయాయి, ఎన్ని డాలర్లు పోయాయి అని. ఆ ఒక్కడి వైపు నుంచి చూసేవాళ్లు తక్కువ. ఒకే జీతం మీద నడిచే ఇళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ జీతం తెచ్చే మనిషికి జ్వరం వస్తే ఇల్లంతా భయపడుతుంది. ఆ భయం చూసి, జ్వరం ఉన్నా లేచి పనికి పోతాడాయన.

లక్ వెళ్లాక కోల్ట్స్ దాదాపు ఏడాదికో క్వార్టర్‌బ్యాక్‌ను మార్చింది. 2025లో డేనియల్ జోన్స్ రూపంలో అదృష్టం పండిందనుకున్నారు. మొదటి 10 మ్యాచుల్లో 8 గెలిచారు. డిసెంబరులో అతని మడమ పైన నరం తెగింది. అప్పుడేం చేశారు? 2021 జనవరిలోనే రిటైరై, అలబామాలో హైస్కూలు పిల్లలకు కోచింగ్ ఇచ్చుకుంటున్న ఫిలిప్ రివర్స్‌కు ఫోను చేశారు. వయసు 44 ఏళ్లు. అప్పటికే తాతయ్య! పాపం, ఆ పెద్దాయన వచ్చాడు, దిగాడు, శక్తికొద్దీ ఆడాడు. సీటెల్‌తో మొదటి మ్యాచ్ 18-16తో వెంట్రుకవాసిలో పోయింది. తర్వాతా గెలుపు దక్కలేదు. కోల్ట్స్ ప్లేఆఫ్స్‌కు చేరనేలేదు.

2011లో రిటైరైన 38 ఏళ్ల మనిషిని పిలిచారు. 2025లో 44 ఏళ్ల మనిషిని పిలిచారు. మధ్యలో 14 ఏళ్లు గడిచాయి. ఇండియానాపొలిస్ ఇప్పటికీ మంచి నిట్రాడ కోసమే వెతుకుతోంది.